ఐదేళ్ల మాత్ర, నూరేళ్లు దాటిన కథ

పాలిచ్చే ఆవుకు అండాశయాలు తీసేస్తే ఎక్కువకాలం పాలిస్తుందని కొన్ని దేశాల రైతులు ఎరిగిన సంగతి. అదే గ్లాస్గో వైద్యుడు జార్జ్ బీట్సన్‌ను ఆలోచనలో పడేసింది. రొమ్ముకూ అండాశయానికీ ఏదో బంధం ఉందని ఊహించి, రొమ్ము క్యాన్సర్ ముదిరిన ఒక యువతికి అండాశయాలు తొలగించాడు. కణితి తగ్గుముఖం పట్టింది. 1896లో ‘లాన్సెట్’ పత్రికలో ఆయన ఆ వివరం ప్రకటించేనాటికి ఈస్ట్రోజన్‌ను ఇంకా ఎవరూ వేరుచేసి చూపలేదు. చిన్న వయసులోనే ముట్లుడగడం, ఒంట్లో ఆవిర్లు, ఎముకల క్షీణత... ఈ చికిత్సతో పాటే దాని మూల్యమూ పుట్టింది.

కత్తి స్థానంలోకి ఈస్ట్రోజన్‌కు అడ్డుపడే మాత్ర రావడానికి ఇంకో డెబ్భై ఏళ్లు పైగా పట్టింది. 1962లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ సంస్థలో రసాయన శాస్త్రవేత్త డోరా రిచర్డ్‌సన్ టామోక్సిఫెన్‌ను తయారుచేసింది గర్భనిరోధకం కోసం. ఆ పనికి అది కొరగాలేదు. మాంచెస్టర్ క్రిస్టీ ఆసుపత్రిలో మేరీ కోల్ బృందం దాన్ని రొమ్ము క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూసి, 1971లో ఫలితాలు ప్రకటించింది. అప్పటిదాకా వాడిన హార్మోన్ మందులకంటే ఇది ఒంటికి సులువుగా సరిపడింది. ఐదేళ్లు వాడితే, కణితిలో ఈస్ట్రోజన్ గ్రాహకాలున్న స్త్రీలలో పదిహేనేళ్లలో ఆ జబ్బుతో సంభవించే మరణాలు దాదాపు మూడోవంతు తగ్గుతాయని తరువాతి పరిశోధనలు తేల్చాయి. ఎందరో తల్లుల ఆయుష్షు నిలిపిన మందు ఇది; దాని దోషాలు చెప్పేటప్పుడు ఈ మాట మరవకూడదు.

ఆ దోషాలు బయటపడ్డది ఏళ్ల తరబడి వాడాకే. 1989లో స్టాక్‌హోం పరిశోధకులు, ఈ మందు వాడినవారిలో గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ పెరిగినట్టు చూపారు. 1992లో అమెరికాలోని విస్కాన్సిన్ నుంచి మరో కబురు: ముట్లుడిగిన స్త్రీల వెన్నెముకను అదే మందు కాపాడుతోంది. రొమ్ములో ఈస్ట్రోజన్‌కు అడ్డుపడే మందు ఎముకలో, గర్భసంచిలో తానే ఈస్ట్రోజన్‌లా మసలుతోందన్నమాట. రక్తం గడ్డకట్టే ముప్పూ ఉంది. పదేళ్ల వాడకాన్ని ఐదేళ్లతో పోల్చిన అట్లాస్ అధ్యయనం 2012లో లాభనష్టాలు రెండూ లెక్కగట్టింది: రొమ్ము క్యాన్సర్ మరణాలు 15 నుంచి 12.2 శాతానికి తగ్గగా, గర్భసంచి క్యాన్సర్ 1.6 నుంచి 3.1 శాతానికి పెరిగింది.

అప్పటికే ఏంజెలా బ్రోడీ వంటి పరిశోధకుల కృషితో అరోమటేజ్ నిరోధకాలు వచ్చాయి. ముట్లుడిగాక కొవ్వులో, కండరాల్లో ఈస్ట్రోజన్ తయారయ్యే దారినే ఇవి మూసేస్తాయి. గర్భసంచికి ఆ బెడద తగ్గింది. ఎముకల మీద భారం పెరిగింది. అటాక్ అధ్యయనంలో ఈ కోవకు చెందిన అనస్ట్రోజోల్ వాడినవారిలో 11 శాతం మందికి ఎముకలు విరిగాయి. టామోక్సిఫెన్ వాడినవారిలో ఇది 7.7 శాతం. మందు ఆపాక ఆ తేడా పోయిందన్నది ఊరట. కీళ్ల నొప్పులు మాత్రం మూడోవంతు మందికి పైగా వచ్చాయి. పొద్దున్నే పిడికిలి బిగించలేక మాత్ర మానేసిన స్త్రీని మొండిదని తప్పుపట్టడం నా దృష్టిలో అన్యాయం. ఆ నొప్పిని వయసు మీద నెట్టకుండా కొలిచినప్పుడే ఉపాయం దొరికింది: ఏడాదిపాటు క్రమం తప్పని నడక, బరువులెత్తే వ్యాయామం ఆ నొప్పిని తగ్గిస్తాయని యేల్ విశ్వవిద్యాలయ బృందం 2015లో నిరూపించింది.

చిన్న వయసు స్త్రీలను బిడ్డ ఆశ మాట అడగడానికి ఇంకా ఆలస్యమైంది. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు మందు వాడాక, గర్భం కోసం రెండేళ్ల వరకు ఆపినా మూడేళ్లలో జబ్బు తిరగబెట్టడం పెరగలేదని 2023లో పాజిటివ్ అధ్యయనం తెలిపింది. ఈ జబ్బు పదేళ్లు దాటాక కూడా తిరిగి రాగలదు గనుక, ఆ తల్లులను పరిశోధకులు ఇంకా గమనిస్తూనే ఉన్నారు.