చూచువారికి చోటిచ్చిన కళలు

శిల్పి చెక్కి ముగించినను, నటుడు ఆడి ముగించినను, చూచువారు పాలుపంచుకొననిదే కళ ఊరి సొత్తు కానేరదు. నల్లమల అంచుననున్న మార్కాపురము, గిద్దలూరు సీమవారు ఈ సంగతిని తరతరములుగా ఎఱిగినవారే.

శ్రీశైలమునకు తూర్పు ద్వారమని పేరొందిన త్రిపురాంతకము ఈ సీమలోనిది. 13వ శతాబ్దివాడైన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున శివరాత్రికి శ్రీశైలమేగు భక్తులను వర్ణించెను. వారు తుమ్మెదపదములు, పర్వతపదములు, వెన్నెలపదములు పాడుకొనిరట. తెరచాటున బొమ్మలాటలును సాగినవట. ఆ యాత్రలో పాడువారు వేఱు, వినువారు వేఱు కారు.

విజయనగర కాలమునాటి శ్రీశైల ప్రాకారము చూడదగినది. దాని వెలుపలి ముఖమున ఏనుగులు, గుఱ్ఱములు, వేట, నాట్యము, అర్జునుడు పాశుపతమును బడసిన కథ మున్నగునవి వరుసలుగా చెక్కబడియున్నవి. ఒక్కచోట నిలిచినవారికి అన్నియు కనబడవు; గోడవెంట నడువవలెను. అక్షరము రానివాడును బిడ్డను చంకనెత్తుకొని, ఇది ఏనుగు, వీడు కిరాతుడు అని చెప్పుచు నడువవచ్చును.

తోలుబొమ్మలాటవారు రంగనాథ రామాయణ ద్విపదలను పాడుచు, దీపపు వెలుగున రంగుల బొమ్మలను తెరపై ఆడింతురు. కథ బరువెక్కిన వేళ కేతిగాడు, బంగారక్క వచ్చి ఊరి సంగతులపై చలోక్తులాడుదురు. జనుల నవ్వునుబట్టి ఆ హాస్యము పెరుగును, తరుగును.

మార్కాపురము లక్ష్మీచెన్నకేశవస్వామి రథోత్సవమున ఇది మఱింత స్పష్టము. రథమునెంత చక్కగా అలంకరించినను, చూడవచ్చినవారు మోకులు పట్టనిదే చక్రము కదలదు.

సినిమా, టెలివిజన్ వచ్చిన పిదప ఈ వరుస మారినది. తెర యెదుట కూర్చున్నవాడు నవ్వినను, నిద్రించినను కథ తన దారిన సాగిపోవును. బొమ్మలాట కుటుంబములు పెక్కు ఇతర వృత్తులకు మరలినవి. కూడలిలో నిలిపిన విగ్రహమును ఆవిష్కరణనాడు తప్ప తక్కిన దినములలో తలయెత్తి చూచువారు అరుదు.

కావున ఊరిలో ఉత్సవమునో, శిల్పమునో తలపెట్టు పెద్దలు వేదికకంటె ముందు మఱియొకటి విచారింపవలెను: అవ్వకు, కూలివానికి, బడిపిల్లవానికి అందు చేయదగిన పని యేమి కలదు? గ్రంథాలయమునకును ఇదే ప్రశ్న. బీరువాలో తాళము వేసిన పుస్తకము మోకు పట్టువారు లేని రథమువంటిది. అరుగుమీద పదిమంది నడుమ ఒకరు చదువగా తక్కినవారు అడ్డుప్రశ్నలు వేసిననాడు అది కదలును.