ఇంటికొట్టమున పుట్టిన వేగము



మన గ్రామములలో బండిచక్రము విఱిగినచో వడ్రంగికడకును, కఱ్ఱు మొద్దువాఱినచో కమ్మరి కొలిమికడకును పోవుట వాడుక. ఆ వస్తువు లెట్లు పుట్టునో మనకు తెలియును. మోటారుబండి యన్నంతనే మాత్రము, అది యెక్కడనో వేలకొలది పనివాండ్రుగల కర్మాగారమున పుట్టునదనియు, సామాన్యుని చేతికి లొంగనిదనియు తలంతుము. ఈ తలంపు పూర్తిగా సత్యము కాదని మోటారు సైకిలు చరిత్రయే చెప్పుచున్నది.

మోటారు సైకిలు పుట్టినది ఒక తోటయింటిలో. జర్మనీదేశమున స్టుట్‌గార్టు నగరమునకు నాడు చేరువనుండిన కాన్‌ష్టాట్‌లో గాట్‌లీబ్ డైమ్లరు, విల్హెల్మ్ మైబాఖ్ అను నిరువురు, డైమ్లరు తోటలోని చిన్నయింట తలుపులు మూసికొని పనిచేయుచుండిరి. లోపలినుండి వచ్చు చప్పుడులు విని తోటమాలి, వీరు దొంగనాణెములు చేయుచున్నారని యనుమానించి పోలీసులకు తెలియజేసెను. వారు వచ్చి వెదుకగా దొరకినవి పనిముట్లును, ఒక యంత్రమును మాత్రమే. 1885వ సంవత్సరమున ఆ యింటినుండియే, కొయ్యచట్రముమీద పెట్రోలుయంత్రము నమర్చిన ద్విచక్రవాహనము వెలువడెను. దాని బలము అరగుఱ్ఱపు శక్తి. వేగము గంటకు సుమారు 12 కిలోమీటర్లు. ఒరగిపోకుండ ఇరుప్రక్కల రెండు చిన్నచక్రములుండెను. మంట పీఠము క్రిందనే యుండుటచే, తొలిప్రయాణమున పీఠమునకు నిప్పంటుకొన్నదని చెప్పుదురు.

పిమ్మట కర్మాగారములు వెలసినవి. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డు నగరమునందలి ఇండియన్ అను సంస్థ స్కౌటు అను మోటారు సైకిలును చేసి యమ్మసాగెను. ఇచ్చట ఇండియన్ అనగా మన భారతీయుడు కాడు. అమెరికా ఖండపు ఆదివాసి. 1920వ సంవత్సరమున అట్టి స్కౌటు నొకదానిని, న్యూజిలాండు దేశపు దక్షిణపుకొననున్న ఇన్‌వర్‌కార్గిల్ పట్టణ ప్రాంతమువాడగు బర్ట్ మన్రో కొనెను. ఆతడు 1899వ సంవత్సరమున జన్మించినవాడు, రైతుబిడ్డ. బాల్యమున తండ్రి వలదన్నను వినక, ఇంట నున్న గుఱ్ఱములలో మిక్కిలి వడిగలదాని నెక్కి పొలములవెంట పరుగెత్తించుచుండెడివాడట.

ఆతడు కొన్ననాటి స్కౌటు గంటకు 55 మైళ్లకు మించి పోజాలకుండెను. మన్రో 1926వ సంవత్సరమునుండి దానిని మార్ప మొదలిడెను. పగలు మోటారు సైకిళ్లను బాగుచేయుట, అమ్ముట ఆతని జీవనోపాధి. రాత్రులు తన బండిపని. యంత్రశాల లేదు, చాలినంత ధనమును లేదు. పాతడబ్బాలలో లోహమును కరగించి పోతపోసెను. సిలిండరులు, పిస్టనులు, వేగచక్రములు అన్నియు స్వహస్తములతో చేసికొనెను. ఒక ట్రాక్టరు ఇరుసును కోసి, ఆకురాయితో రాచి, పిస్టనుకడ్డీలను మలచెను. సూక్ష్మమైన కొలతలకు ఆతని సాధనము చక్రపు పాత ఆకుకడ్డి.

వినువారికి ఇది సులభముగా తోచవచ్చును. పెట్రోలుయంత్రమున సిలిండరనగా గొట్టము. పిస్టనది దానియందు నిమిషమునకు వేలసారులు మీదికి క్రిందికి పోవు బిరడా. వెండ్రుకవాసి వదులైనచో వాయువు జాఱి బలము తగ్గును. వెండ్రుకవాసి బిగువైనచో వేడికి ఉబ్బి పట్టుకొని, కడ్డీ విఱిగి, సర్వము తునాతునకలగును. మన్రోకు ఇట్లు ఎన్నిమారులో జరిగినది. విఱిగిన భాగములను ఆతడు పాఱవేయలేదు, దాచిపెట్టలేదు. కొట్టమునందు ఒక అలమరపై వరుసగా నుంచి, వేగదేవతకు అర్పించిన నైవేద్యములని వానికి పేరు వ్రాసిపెట్టెను. తన తప్పులను ఎల్లవారును చూచునట్లు గోడమీద నుంచుకొనిన పనివాడు అరుదు.

ఇట్లు ఏండ్లు గడచినవి. 600 ఘనసెంటీమీటర్ల యంత్రము క్రమముగా 850కిని, తుదకు 950కిని పెరిగెను. ప్రక్కనుండిన కవాటములను ఆతడు సిలిండరు తలపైకి మార్చెను. ఊరికి చేరువనున్న ఓరెటీ సముద్రతీరపు గట్టియిసుక ఆతని పరీక్షాస్థలము. 1940లో న్యూజిలాండు రహదారిమీద గంటకు 120.8 మైళ్లు, 1957లో ఓరెటీ తీరమున 131.38 మైళ్లు ఆతడు సాధించిన వేగములు.

దీనికి ఆతడిచ్చిన వెలయు చెప్పవలసియున్నది. మన్రో నలుగురు బిడ్డల తండ్రి. 1940వ దశాబ్దము ముగియునాటికి దాంపత్యము విచ్ఛిన్నమయ్యెను. ఉద్యోగమును విడిచి, బండి నుంచు కొట్టమునందే కాపుర ముండెను. ఇట్టి దీక్షను పొగడువారు ఈ సంగతిని విడిచిపెట్టుట న్యాయము కాదు. తీరికవేళకు చేపట్టిన పని తుదకు సంసారపు వేళను గూడ తినివేసినది.

అమెరికాలోని యూటా రాష్ట్రమున బాన్‌విల్ అను ఉప్పుమైదానము గలదు. పూర్వకాలపు మహాసరస్సు ఎండి, దాని యడుగు రాతివలె గట్టిపడినది. వేగపు పరీక్షలకు అది ప్రసిద్ధస్థలము. మన్రో అచ్చటికి పదిమారులు ప్రయాణము చేసెను. మొదటిమారు చూచుటకు మాత్రమే. 1962వ సంవత్సరమున, 63 ఏండ్ల ప్రాయమున, తన తరగతిలో గంటకు 178.97 మైళ్ల ప్రపంచ రికార్డును నెలకొల్పెను. 1967వ సంవత్సరమున, ఆతనికి 68, బండికి 47 ఏండ్లు నిండగా, వేయి ఘనసెంటీమీటర్ల లోపలి తరగతిలో మరియొక రికార్డు లభించెను.

ఈ కడపటి రికార్డునకు ఒక చిత్రమైన కథ కలదు. గాలి యనుకూలముగా వీచుటవలని లాభము పోవుటకై, బండిని ఒకమారు ఉత్తరమునకును మరియొకమారు దక్షిణమునకును నడపించి, రెండు వేగముల సగటును తీయుదురు. మన్రో బండి ఒకదిక్కున 184.710 మైళ్లు, మరియొకదిక్కున 183.463 మైళ్లు పోయెను. రెండును కూడి సగము చేసినచో 184.087 వచ్చును. లెక్కవ్రాసినవారు పొరబడి 183.586 అని వ్రాసిరి. మన్రో 1978వ సంవత్సరమున గతించెను. పిమ్మట చాలకాలమునకు ఆతని కుమారుడు కాగితములను చూచి తప్పును కనిపెట్టెను. అమెరికా మోటారు సైకిలు సంఘమువారు 2014వ సంవత్సరమున, అనగా తండ్రి పోయిన 36 ఏండ్లకు, లెక్కను సరిదిద్దిరి.

ఆకుకడ్డితో కొలుచుకొనిన పనివాని యంత్రము నిలిచినది; కలము పట్టినవారి కూడికలో తప్పు దొరలినది. తండ్రికాలమును ఆ బండి చాలవఱకు అపహరించినను, తండ్రికి రావలసిన అరమైలును ఆ కుమారుడే లెక్కగట్టి యిప్పించెను. ఈ చరిత్రయంతటిలో నాకు మిక్కిలి విలువగలదిగా తోచున దిదియే.

మన ఊళ్లలో గూడ పగలు కూలికి పోయి, రాత్రి దీపముక్రింద ఏదో యొక పాతయంత్రమును విప్పి బిగించు పిల్లవాడుండును. ఇనుపముక్కలతో కాలము వ్యర్థము చేయుచున్నాడని వానిని కసరుటకు ముందు, ఆ ముక్కలను ఒకమారు చేతబట్టి చూడుడు. అది ఎట్లు విఱిగెనో వానినే యడుగుడు. వాడు చెప్పగలిగినచో ఆ కాలము వ్యర్థము కాలేదు. అట్లే, ప్రొద్దు పోయినది, భోజనమునకు రమ్మని పిలుచుటయు పెద్దల ధర్మమే.