పన్నెండేళ్లు బందైన దర్వాజా

2000, సిడ్నీ పారాలింపిక్స్. మేధో వైకల్యం ఉన్నవాళ్ల బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్‌కి సోనా పతకం వచ్చింది. తీరా చూస్తే, పన్నెండుమందిలో పదిమందికి ఏ వైకల్యమూ లేదు! బేఈమానీ వాళ్లది, సజా బేకసూర్లది. ఆ కేటగిరీ మొత్తాన్నే ఆటల్లోంచి తీసేశారు. పరీక్షలు గట్టిగా పెట్టాక, 2012 లండన్‌లో గానీ దర్వాజా మళ్లీ తెరుచుకోలేదు.

అందులోంచే వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ జీవంజి దీప్తి నడిచింది. ఊళ్లో హేళనలు పడింది, సబర్ చేసింది. 2024 పారిస్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్యం తెచ్చింది. ఈ కేటగిరీలో హిందుస్తాన్‌కి అదే పహ్లా మెడల్.

అడ్డతీగల కొండగూడెంలోనైనా, మన మొహల్లాలోనైనా అలాంటి పిల్లల్ని 'పాగల్' అనకండి. వాళ్ల సర్టిఫికెట్ వాళ్ల హక్. దాన్ని దొంగతనంగా తీసుకునేవాడు ఎవరి దర్వాజా మూస్తాడో సిడ్నీయే గవాహీ.