చీఫ్ కాదు, చార్లీ: 1911లో కప్పు గెలిచిన ఆదివాసీ



కాలేజీలో మనల్ని "ఏం కోయదొరా" అని పిలిచి నవ్వేవాళ్ళు మనందరికీ తెలుసు. గోండు అయినా, కొలాం అయినా, కొండరెడ్డి అయినా అదే పిలుపు. నూరేళ్ళ కింద అమెరికాలో ఆదివాసీ ఆటగాళ్ళకి ఇట్లాంటి పిలుపే ఉండేది: "చీఫ్". అంటే దొర, తెగ పెద్ద. వినడానికి గౌరవమే, పిలిచేది మాత్రం ఎగతాళికి.

చార్లెస్ ఆల్బర్ట్ బెండర్ తల్లి ఒజిబ్వే తెగ మనిషి. ఆయన చదివింది పెన్సిల్వేనియాలోని కార్లైల్ స్కూల్లో. 1879లో ప్రాట్ అనే సైనిక అధికారి పాత సైనిక బ్యారక్‌లలో దాన్ని పెట్టాడు. పిల్లల జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. అక్కడే చనిపోయిన పిల్లల సమాధులు కూడా ఉన్నాయి. మన హాస్టళ్ళు అట్లాంటివని మేము అనడం లేదు. మనల్ని పంపింది మన అమ్మానాన్నలే. కానీ గేటు లోపలికి రాగానే మన భాష గొంతులోనే ఆగిపోవడం మనకీ తెలిసిందే కదా.

బెండర్ 1903లో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ బేస్‌బాల్ జట్టులో చేరాడు. పిచర్, అంటే మన క్రికెట్ బౌలర్ లాగా బంతి విసిరేవాడు. 1911లో జట్టు 101 మ్యాచ్‌లు గెలిచింది. వాటిలో 17 బెండర్ ఖాతాలోవి.

ఫైనల్ పోరు పేరు వరల్డ్ సిరీస్. ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్ళదే కప్పు. ఎదురుగా న్యూయార్క్ జెయింట్స్. వాళ్ళ క్యాచర్ (మన కీపర్ లాగా) జాన్ మేయర్స్ కూడా ఆదివాసీనే, కాలిఫోర్నియా కహుయిల్లా తెగ. ఆయన కొన్నాళ్ళు డార్ట్‌మత్ కాలేజీలో చదివాడు. ఆదివాసీ పిల్లల చదువు పేరు చెప్పి 1769లో మొదలైన కాలేజీ అది. ఆయన్నీ "చీఫ్" అనే పిలిచారు. ఇద్దరివీ వేరు తెగలు, వేరు భాషలు, పిలుపు మాత్రం ఒక్కటే.

అక్టోబర్ 14న మొదటి మ్యాచ్. బెండర్ 11 మందిని అవుట్ చేసినా జట్టు 2-1తో ఓడింది. గెలుపు పరుగు తీసింది మేయర్సే! తర్వాత వానలకి ఆరు రోజులు ఆట ఆగింది. 24న బెండర్ మళ్ళీ వచ్చి 4-2తో గెలిపించాడు. మధ్యలో ఒక్కరోజే విశ్రాంతి. 26న మళ్ళీ ఆయనే విసిరాడు. 13-2. కప్పు అథ్లెటిక్స్‌ది.

గ్యాలరీల నుంచి జనం యుద్ధకేకలు వేసి వెక్కిరించేవాళ్ళు. ఆయన తిరిగి "పరాయి దేశస్తుల్లారా" అని అరిచేవాడని చెప్తారు. నిజమే కదా, ఆ నేల ఎవరిది? ఆటోగ్రాఫ్ అడిగితే మాత్రం "చార్లీ బెండర్" అనే రాసేవాడు. మేనేజర్ కానీ మాక్ ఆయన్ని "ఆల్బర్ట్" అని పిలిచేవాడు.

అమెరికా ఆదివాసీలందరికీ పౌరసత్వం వచ్చింది 1924లో. అంటే బెండర్ దేశానికి కప్పు చూపించిన 13 ఏళ్ళకి! 1953లో ఆయన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నుకున్నారు. సన్మానం జరగకముందే 1954లో చనిపోయాడు. రికార్డు పుస్తకాల్లో ఇప్పటికీ "చీఫ్ బెండర్" అనే ఉంటుంది.

గెలిస్తే గౌరవం దానంతట అదే వస్తుందని మనకి చెప్తుంటారు. బెండర్ గెలిచాడు, పిలుపు మారలేదు. ఆయన మాత్రం సంతకంలో తన పేరే రాసేవాడు. మనమూ ర్యాంకు కోసం చదువుదాం, ఆటలో గెలుద్దాం. దాంతోపాటు "నా పేరు ఇది, నన్ను ఈ పేరుతోనే పిలువు" అని ఎదురుగా చెప్పడం కూడా నేర్చుకుందాం.

జై ఆదివాసీ.