ఆంగ్లదేశపు మే స్తంభము: ప్రాచీనతావిచారము
మే మాసారంభమున ఎత్తైన మ్రానును నిలిపి, దాని చుట్టును ఆడిపాడుట ఐరోపాలోని పెక్కు దేశములందు గల ఆచారము. ఆంగ్లదేశమున దీనిని మేపోల్ అందురు. స్తంభాగ్రమునుండి వ్రేలాడు రంగుపట్టీలను పిల్లలు జడవలె అల్లుచు చేయు నృత్యము క్రైస్తవపూర్వకాలపు వృక్షారాధనకు అవశేషమని పలువురు తలంచిరి. ఈ అభిప్రాయము పునఃపరిశీలింపదగినదని మేము భావించుచున్నాము.

స్తంభము పాతదే. బ్రిటనులో 14వ శతాబ్దినుండి దాని ప్రస్తావనలు కలవు. 1583లో ఫిలిప్ స్టబ్స్ దానిని విగ్రహముతో పోల్చి నిందించెను. 1644లో పార్లమెంటు ఇట్టి స్తంభముల నన్నింటిని తొలగింప శాసించెను. 1660లో రాజరికము పునఃస్థాపితము కాగా, మరుసటి యేడు లండనులోని స్ట్రాండు వీధిలో 134 అడుగుల స్తంభమును నిలిపిరి. స్తంభమును నిలుపుటయు కూల్చుటయు ఆనాడు మతరాజకీయపక్షములకు చిహ్నములయ్యెను.

అయితే స్టబ్స్ వర్ణనలో పూవులు, ఆకులు, జెండాలు కలవు గాని, పట్టీల అల్లిక లేదు. ఆ నృత్యము ఆంగ్లదేశమున 19వ శతాబ్దిలో రంగస్థలముపై కానవచ్చి, పిమ్మట పాఠశాలలకు వ్యాపించినది. 1881లో జాన్ రస్కిన్ ప్రోత్సాహమున లండనులోని వైట్‌లాండ్స్ కళాశాలలో మే రాణి ఉత్సవము ప్రారంభమైనది. అచట శిక్షణ పొందిన ఉపాధ్యాయినులు మే దినపు వేడుకలను తమ పాఠశాలలకు గొనిపోయిరి.

కావున ఆచారమొకటే యైనను దాని అంగములన్నియు ఏకకాలమున పుట్టినవి కావు. ఒక్కొక్క అంగమునకు వేఱుగా కాలనిర్ణయము చేయవలెను. మన జడకోలాటమందలి అల్లికను దీనితో పోల్చబూనువారికిని ఈ జాగరూకత యావశ్యకము. సామ్యము సంబంధమునకు నిదర్శనము కాజాలదు.