మధుమేహ చికిత్సలో పథ్యం, ఔషధం, స్థోమత

ఆహార నియమం, వ్యాయామం, ఔషధం అనే మూడూ మధుమేహ చికిత్సకు ఆధారాలని నేడు వైద్యులు అంగీకరిస్తున్నారు. వీటిలో దేనికి ఎంత ప్రాధాన్యమివ్వాలనే విషయంలో మాత్రం చిరకాలంగా భిన్నాభిప్రాయాలున్నాయి. వయోజనులలో మొదలయ్యే మధుమేహానికి జరిగిన చికిత్సల చరిత్రను పరిశీలిస్తే, ఈ చర్చ వెనుక మరొక ప్రశ్న నిలిచి ఉండటం గమనించవచ్చు. వైద్యుడు చెప్పిన పథ్యాన్ని పాటించే స్థోమత రోగికి ఉన్నదా అన్నదే ఆ ప్రశ్న.

క్రీస్తు శకారంభానికి అటూ ఇటూగా రూపుదిద్దుకున్న చరక, సుశ్రుత సంహితలలో ప్రమేహమనే పేరుతో ఈ వ్యాధి వర్ణన విస్తృతంగా కనిపిస్తుంది. చరకుడు ప్రమేహాలను 20 రకాలుగా విభజించి, మధుమేహాన్ని వాతజ ప్రమేహాలలో చేర్చాడు. రోగి మూత్రానికి చీమలు చేరడాన్ని వ్యాధి పూర్వరూపాలలో ఒకటిగా పేర్కొన్నాడు. కదలకుండా కూర్చునే సుఖం, అతినిద్ర, పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు ఇందుకు కారణాలన్నాడు. స్థూలకాయుడైన బలవంతునికి శోధన చికిత్స, కృశించిన బలహీనునికి పోషణ అవసరమని వివరించి, యవలకు పథ్యంలో ప్రధాన స్థానమిచ్చాడు. సుశ్రుతుడు సహజమైనదనీ, అపథ్యం వల్ల కలిగినదనీ వ్యాధిని రెండుగా విభజించాడు. నేటి మొదటి, రెండవ రకాలతో ఈ విభజన అక్షరాలా సమానమనడం తొందరపాటే. అయినా ఒకే పథ్యం అందరికీ సరిపడదన్న గ్రహింపు ఇందులో స్పష్టంగా ఉంది.

సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో మరొక విశేషం గమనార్హం. ధనం లేనివాడు చెప్పులూ గొడుగూ లేకుండా, భిక్షాన్నంతో, ఊరికొక్క రాత్రి గడుపుతూ నూరు యోజనాలో అంతకు మించో నడవాలి. మహాధనికుడు చామలు, నివ్వరి ధాన్యం, ఉసిరి, వెలగ వంటి ఫలాలతో జీవించాలి. మరొకడు నిత్యం పొలం దున్నాలి, లేదా బావి తవ్వాలి. కృశించినవానిని మాత్రం ఎల్లవేళలా కాపాడాలి. ఈ విధులు నేటి పాఠకునికి కఠినంగా తోచవచ్చు. కానీ రోగి దేహస్థితితోపాటు అతని సంపదనూ జీవన విధానాన్నీ లెక్కించి చికిత్స నిర్ణయించిన తీరు వీటిలో కనిపిస్తుంది.

ఐరోపాలో పథ్యం శక్తిని ఒక యుద్ధం బయటపెట్టింది. 1870-71లో పారిస్ నగరం ముట్టడికి గురై ఆహారం కరవైనప్పుడు, తన రోగుల మూత్రంలో చక్కెర తగ్గడాన్ని బూషార్దా అనే వైద్యుడు గుర్తించాడు. మితాహారమే మందని బోధించాడు. అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ 1910ల నాటికి ఈ పద్ధతిని దాదాపు నిరాహార చికిత్స దాకా తీసుకువెళ్లాడు. 1921లో టొరంటోలో ఇన్సులిన్‌ను కనుగొన్నారు. 1922లో అది తొలిసారి రోగికి అందడంతో ఆకలికీ మరణానికీ మధ్య నలిగిన పిల్లలకు ప్రాణదానం లభించింది. ఇన్సులిన్‌కు రోగులందరి శరీరం ఒకే విధంగా స్పందించదని 1936లో బ్రిటిష్ వైద్యుడు హిమ్స్‌వర్త్ నిరూపించాడు. వయోజనుల వ్యాధిని వేరుగా అర్థం చేసుకోవడానికి అది దారి చూపింది. 1950ల మధ్యకాలంలో టోల్‌బ్యుటమైడ్ వంటి మాత్రలు వెలువడ్డాయి. 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ మెట్‌ఫార్మిన్‌ను మధుమేహ చికిత్సలో ప్రవేశపెట్టాడు.

మాత్రలు వచ్చాక పథ్యం అవసరం తీరిందన్న భ్రమ కొందరిలో కలిగింది. పథ్యం ఉంటే మాత్రలు అనవసరమన్న భ్రమ మరికొందరిలో మిగిలింది. 1977 నుండి 1997 వరకు బ్రిటన్‌లో 5,102 మంది రోగులతో జరిగిన అధ్యయనం రెండింటినీ తొలగించింది. ఆహార నియమంతోనే చికిత్స ఆరంభమైనా, కాలం గడిచేకొద్దీ ఎక్కువమందికి మందులు అవసరమయ్యాయి. రక్తంలో చక్కెరను గట్టిగా అదుపు చేసిన వారిలో సూక్ష్మ రక్తనాళాలకు సంబంధించిన ఉపద్రవాలు 25 శాతం తగ్గినట్లు 1998లో వెల్లడైంది.

భారతదేశంలో వలస పాలన కాలాన ఇది సంపన్నుల వ్యాధిగా పేరుపడింది. స్వాతంత్ర్యానంతరం ఆ పేరు నిలువలేదు. 1948లో మద్రాసు స్టాన్లీ ఆసుపత్రిలో మధుమేహ విభాగం నెలకొల్పిన ఎం. విశ్వనాథన్, మన ధాన్యాలు, పప్పులు, కూరగాయలతో కూడిన, పీచు అధికంగా ఉన్న పథ్యాన్ని ప్రచారం చేశారు. మాంసం, గుడ్లు, వెన్న ప్రధానమైన పాశ్చాత్య పథ్యపట్టిక అన్నం తినే సామాన్యునికి రుచిరీత్యా, వ్యయంరీత్యా పొసగేది కాదు.

1972-75 మధ్య భారత వైద్య పరిశోధన మండలి జరిపిన సర్వేలో గ్రామీణులలో 1.5 శాతం, పట్టణవాసులలో 2.1 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది. అదే మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం వయోజనులలో ఆ నిష్పత్తి గ్రామాలలో 8.9, పట్టణాలలో 16.4 శాతం. పరీక్షా పద్ధతులు మారినందున ఈ అంకెలను సరాసరి పోల్చలేకపోయినా, వ్యాధి పల్లెకు చేరిందన్నది నిర్వివాదం.

ఈ కాలంలోనే జొన్న, సజ్జ, రాగి వాడకం తగ్గి, మరపట్టిన తెల్లబియ్యం తెలుగునాట పేదల కంచంలోనూ ప్రధానమైంది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో అమలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఆకలిని తీర్చిన గొప్ప చర్య. అయితే ఆకలి తీర్చే ధాన్యమూ, మధుమేహ రోగికి పథ్యమైన భోజనమూ ఎల్లప్పుడూ ఒకటే కావు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ముతక ధాన్యాలకు చోటు కల్పించింది. చిరుధాన్యాలలోనూ పిండిపదార్థం ఉన్నందున వాటికీ పరిమితి తప్పదు. పప్పు, కూరగాయలు చేరితేనే పళ్లెం పథ్యమవుతుంది. వాటి ధరే పేదవానికి అడ్డు.

మందుల విషయంలో దారి కొంత సుగమమైంది. మెట్‌ఫార్మిన్ నేడు చౌకగా లభించే మందులలో ఒకటి. మాత్ర ధర తగ్గినంతగా పథ్యం ధర తగ్గలేదు. సుశ్రుతుడు ధనికునికొక నియమం, నిర్ధనునికొక నియమం విధించడంలోని ఔచిత్యం ఇక్కడే బోధపడుతుంది. ఆసుపత్రి చీటీలో మందు పేరు రాసే వైద్యుడూ, చౌకదుకాణంలో ఏ ధాన్యం ఉండాలో నిర్ణయించే అధికారీ ఒకే రోగికి చికిత్స చేస్తున్నవారే. వారిద్దరి నిర్ణయాలు పొంతన లేకుండా సాగినంతకాలం పథ్యం గురించిన హితవు స్థోమత ఉన్నవారికే పరిమితమవుతుంది.