లంబసింగి రోడ్డు ఎవరు వేశారు?

చలికాలం వచ్చిందంటే శుక్రవారం సాయంత్రానికి నా బల్ల మీద సెలవు చీటీలు పేరుకుపోతాయి. విశాఖపట్నంలో మా గిరిజన బాలికల హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే పిల్లలు కారణం దగ్గర ఎక్కువగా రాసేది ఒకటే: "లంబసింగి వెళ్తున్నాం మేడమ్." ఇంటి నుంచి ఫోను వస్తేనే సంతకం పెడతాను. మన కుర్రాళ్ళూ అంతే. స్టీల్ ప్లాంటులో, పోర్టులో, గాజువాక షాపుల్లో వారమంతా కష్టపడి, శనివారం రాత్రి రెండు బైకుల మీద నలుగురు బయలుదేరతారు. తెల్లవారుజామున మంచు చూసి, ఫోటోలు దిగి, ఆదివారం సాయంత్రానికి తిరిగి వస్తారు.

కిందటి డిసెంబరులో చింతపల్లి వైపు అమ్మాయి ఒకతె చీటీ ఇస్తూ నవ్వింది. "మా ఊరికి నేనే టూరిస్టులా వెళ్తున్నాను మేడమ్" అంది. నేనూ నవ్వి, "మరి ఆ రోడ్డు ఎవరు వేశారో తెలుసా?" అని అడిగాను. "గవర్నమెంటు" అంది. ఆ జవాబు తప్పు కాదు, కానీ సగమే. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మిగతా సగం మీకు చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

లంబసింగి సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉంది. నవంబరు నుంచి జనవరి వరకు రాత్రిళ్ళు నేల త్వరగా చల్లబడుతుంది. చల్లబడిన బరువైన గాలి కొండల మధ్య పల్లంలోకి దిగి, అందులోని తేమ మంచుగా మారి, పొద్దెక్కేదాకా అక్కడే నిలుస్తుంది. పత్రికలు 'ఆంధ్రా కశ్మీరు' అని పేరు పెట్టింది ఈమధ్యనే. పెద్దవాళ్ళకు అది కొర్రబయలు. ఆరుబయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని దాని అర్థం చెబుతారు. చలి వాళ్ళకు వింత కాదు, బతుకు.

బ్రిటిష్ వారి కాగితాల్లో ఇవి గూడెం కొండలు. కొన్ని ఊళ్ళు కలిపి ఒక ముఠా, దానికి ఒక ముఠాదారు. శిస్తు వసూలు చేసి కట్టేది ఆయనే. జనానికి ఆధారం పోడు, అడవి, సంత. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు అడవిలో పోడు కొట్టడం నేరమైంది. కట్టెలకూ పశువుల మేతకూ కూడా అడ్డంకులు వచ్చాయి. ముఠాదార్ల అధికారం తగ్గుతూ, తహసీల్దార్లు, పోలీసులు, ఫారెస్టు గార్డుల అధికారం పెరుగుతూ వచ్చింది.

కొండ మీద అధికారం నిలవాలంటే కొండ మీదికి రోడ్డు కావాలి. 1920ల మొదట్లో ఆ పని ముమ్మరమైంది. నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే దారి అందులో ముఖ్యమైనది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండజనాన్ని బలవంతంగా ఆ పనికి దింపి, రావలసిన కూలీ కూడా సరిగ్గా ఇవ్వలేదని చరిత్రకారులు రాశారు. రాళ్ళు కొట్టినవాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. బాస్టియన్ పేరు మాత్రం పుస్తకాల్లో మిగిలింది.

ఆ కోపం ఊరికే పోలేదు. బట్టిపనుకుల మునసబు గాం గంటం దొర తన పదవినీ భూమినీ పోగొట్టుకుని అదే బాస్టియన్‌తో తగాదా పడ్డాడు. ఆయన, ఆయన తమ్ముడు గాం మల్లు దొర అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. 26 తుపాకులు మనవాళ్ళ చేతికి వచ్చాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు చనిపోయారు. ఆ దారులు మనవాళ్ళకు తెలిసినట్టు వాళ్ళకు తెలియవు. మలబారు నుంచి స్పెషల్ పోలీసులనూ, తర్వాత అస్సాం రైఫిల్స్‌నూ దింపితే గాని ప్రభుత్వానికి ఊపిరి ఆడలేదు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజును చంపారు. కొద్ది వారాలకే గంటం దొర కూడా నేలకొరిగాడు.

పాఠ్యపుస్తకం ఇక్కడితో ఆగిపోతుంది. కానీ 1923లోనే పట్టుబడిన మల్లు దొరను అండమాన్ జైలుకు పంపారు. ఆయన బతికి తిరిగి వచ్చాడు. 1952లో స్వతంత్ర భారతదేశపు మొదటి ఎన్నికల్లో లోక్‌సభకు గెలిచాడు. ఏ నియోజకవర్గం నుంచో తెలుసా? విశాఖపట్నం నుంచి. ఇవాళ వారాంతంలో కార్లు బయలుదేరేది ఈ నగరం నుంచే. ఈ నగరానికి తొలి ఎంపీల్లో ఒకడు ఆ కొండ మీది తిరుగుబాటుదారు. బీచ్ రోడ్డులో నడిచేటప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. మనం ఇక్కడ పరాయివాళ్ళం కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అప్పట్లో రోడ్డు మన శ్రమను తీసుకుంది. ఇప్పుడు అదే రోడ్డు పక్కన మన నేల మీద కన్ను పడింది. రెండేళ్ళ కిందట నా దగ్గర చదివి వెళ్ళిన అమ్మాయి ఫోను చేసింది. "మేడమ్, రోడ్డు పక్క మా ఎకరం పదేళ్ళు లీజుకు అడుగుతున్నారు. గుడారాలు వేస్తారట. పేరు మా నాన్నదే ఉంటుందట. సంతకం పెట్టమంటారా?" అని అడిగింది.

వద్దన్నాను. ఎందుకో మీరూ తెలుసుకోండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనుల చేతి నుంచి జారిపోకుండా 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది. దాన్ని 1970లో గట్టిపరిచారు. అందరూ 1/70 అనేది దాన్నే. గిరిజనేతరులకు అమ్మకం, తనఖా, లీజు, దానం ఏదీ చెల్లదు. మన పేరు పెట్టి వెనక వేరేవాళ్ళు నడిపే బినామీ కూడా చెల్లదు. 1997 జులై 11న సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు భూమి లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. ఆ కేసు పుట్టింది మన అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలోనే. అరకు వెళ్ళేటప్పుడు గుహలు చూడటానికి దిగుతామే, అక్కడే.

ఆ అమ్మాయి తండ్రి సంతకం పెట్టలేదు. పక్క పొలం వాళ్ళు పెట్టారు. ఆ ఇంటి అబ్బాయి ఇప్పుడు తమ నేల మీదే గుడారాలకు రాత్రి కాపలా ఉంటూ నెల జీతం తీసుకుంటున్నాడు. వాడిని తప్పు పట్టను. చదువుకున్నవాళ్ళం పక్కన లేకపోవడమే అసలు తప్పు.

టూరిస్టులు రావద్దని నేను అనను. వాళ్ళు వస్తే మన కాఫీ, మిరియాలు, పసుపు, స్ట్రాబెర్రీ అమ్ముడవుతాయి. ఇంట్లో ఒక గది శుభ్రంగా పెట్టుకుంటే నాలుగు డబ్బులు వస్తాయి. అయితే గదీ, నేలా, లెక్కల పుస్తకం మన చేతిలోనే ఉండాలి. ఎవరైనా స్టాంపు కాగితం తెస్తే ఇంట్లో చదువుకున్నవాళ్ళు ముందు చదవాలి. అనుమానం వస్తే పాడేరు ఐటీడీఏకు వెళ్ళి అడగాలి.

వచ్చే శనివారం మీరు ఘాట్ ఎక్కుతారు కదా. మంచు చూడండి, ఫోటోలు దిగండి, తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి తీసుకురండి. ఒక గంట మాత్రం మీ ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. ఈ రోడ్డు పనికి మన ఇంటి నుంచి ఎవరు వెళ్ళారని అడగండి. చెప్పిన పేర్లు రాసుకుని సంఘానికి పంపండి. వచ్చే ఏడాది సంచికలో ఆ పేర్లు అచ్చు వేయమని నేను అడుగుతాను.

ఆ అమ్మాయి సోమవారం తిరిగి వచ్చి ఒక పేరు చెప్పింది. వాళ్ళ ముత్తాతది. నా సెలవు రిజిస్టరులో ఆమె చీటీ పక్కనే రాసిపెట్టాను.